ఈఎంజీ కిట్‌తో నాలుగేళ్లు: కండరం చెప్పేదెంత, మెదడు చెప్పేదెంత

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే నేను, పదో తరగతి నాడీ వ్యవస్థ పాఠం కోసం నాలుగేళ్ల క్రితం ఒక ఈఎంజీ (కండరాల్లో పుట్టే విద్యుత్తును నమోదు చేసే పద్ధతి) కిట్ తెప్పించాను. అరచేతిలో ఇమిడే బోర్డు, తీగలు, చర్మానికి అంటుకునే ఎలక్ట్రోడ్లు, చిన్న స్పీకరు, రెండు వేళ్లున్న ప్లాస్టిక్ మరచెయ్యి, ఇంతే సరంజామా. జబ్బ కండరం మీద రెండు ఎలక్ట్రోడ్లు, మోచేతి ఎముక మీద ఒకటి అంటించి చెయ్యి మడిస్తే, కండరంలో పుట్టిన విద్యుత్తు తెర మీద గీతలుగా కనిపిస్తుంది, స్పీకరులో వినిపిస్తుంది.

ఆ వినిపించడమే ఈ కిట్‌కున్న అసలు విలువ అని నా అభిప్రాయం. తెర మీది గీతను పిల్లలు రెండు నిమిషాలు చూసి వదిలేస్తారు, శబ్దాన్ని మాత్రం వదలరు. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండరాన్ని బిగించీ బిగించనట్టు ఉంచితే, కాగిన నూనెలో ఒక్కొక్క ఆవగింజే చిట్లినట్టు విడివిడిగా టప్పుమంటుంది. ఇంకొంచెం బిగిస్తే పోపంతా ఒక్కసారిగా చిటపటలాడుతుంది. పూర్తిగా బిగిస్తే రేకుల కప్పు మీద పడే వాన హోరే. ఒక చాలక నాడీకణమూ, అంటే కండరాన్ని కదిలించే నాడీకణమూ, దాని ఆజ్ఞకు లోబడిన కండర తంతువుల గుంపూ కలిసి ఒక యూనిట్ అనీ, ఆ యూనిట్ పనిచేస్తే పూర్తిగా చేస్తుంది, లేకపోతే అసలే చేయదనీ, ఎక్కువ బలం కావలసివస్తే మరిన్ని యూనిట్లను రంగంలోకి దించి, దిగినవాటికి త్వరత్వరగా ఆజ్ఞలు పంపాలనీ నేను ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా తలకెక్కని సంగతి ఆ ఆవాల చప్పుడుతో ఎక్కింది. 1929లో ఎడ్గార్ ఏడ్రియన్, డెట్లెవ్ బ్రాంక్ అనే శాస్త్రవేత్తలు సూది ఎలక్ట్రోడును కండరంలోకి దింపి లౌడ్‌స్పీకరులో విన్నది ఇలాంటి చప్పుడునే అని చెబితే, సూది మాట వినగానే తరగతంతా ముఖం చిట్లించింది.

ఇక నా ఫిర్యాదు. కిట్‌తో వచ్చిన కాగితం మీద మెదడు నుంచి చేతిదాకా ఒక మెరుపు గుర్తు గీసి, మెదడు సంకేతాలను కళ్లారా చూడవచ్చని రాశారు. అది సరికాదు. మెదడులోని చాలక ప్రాంతం నుంచి బయలుదేరిన ప్రచోదనం వెన్నుపాములో మరొక నాడీకణానికి అందుతుంది. అక్కడి నుంచి దాని తంతువు కండరం దాకా తీసుకొస్తుంది. కండరం అంచున విద్యుత్తు ఆగిపోయి, అసిటైల్ కోలిన్ అనే రసాయనం నాడికీ కండరానికీ మధ్యనున్న సన్నని సందును దాటుతుంది. అప్పుడు కండరం తన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. చర్మం మీద మనకు దొరికేది ఈ చివరి అంకం మాత్రమే. మొదటి ఏడాది పరీక్షలో చాలామంది "మెదడు నుంచి కరెంటు నరాల గుండా చేతికి వస్తుంది" అని రాశారు. తప్పు వాళ్లది కాదు, ఆ కాగితాన్ని నమ్మి పాఠం చెప్పిన నాది.

దీన్ని సరిదిద్దే దారి మరుసటి ఏడు ఒక అమ్మాయి ప్రశ్న వల్ల దొరికింది. జారవిడిచిన స్కేలును వేళ్లతో పట్టుకునే ప్రయోగం చేస్తుండగా, "టీచర్, స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది కదా, మన చేతికి ఇంత ఆలస్యమెందుకు?" అని అడిగింది. ఆ వారమే ఒక రబ్బరు సుత్తికి పీజో బిళ్ల (దెబ్బ తగలగానే కాస్త విద్యుత్తు పుట్టించే బిళ్ల) అంటించి, దాని తీగలను బోర్డులోని రెండో చానల్‌కు కలిపాను. ఎలక్ట్రోడ్లను తొడ ముందరి కండరం మీదికి మార్చాను. కాళ్లు వేలాడేసుకుని బల్ల మీద కూర్చున్న పిల్లవాడి మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే, దెబ్బకూ కండరం గీతకూ మధ్య దాదాపు 20 మిల్లీసెకన్లు తేలింది. అదే సుత్తితో బల్లను కొట్టి, చప్పుడు వినగానే కాలు ఎత్తమంటే సుమారు 200 వచ్చింది. మోకాలి నుంచి వెన్నుపాముకు రానూపోనూ ఒక మీటరు అనుకుని, నాడి వేగం సెకనుకు 50 మీటర్లుగా లెక్క వేయమన్నాను. 20 మిల్లీసెకన్లు వాళ్ల నోటు పుస్తకాల్లోనే వచ్చాయి. మరి మిగతా కాలం ఎటు పోయిందన్నదే ఆ రోజు చర్చ. దారి కొంత పొడవే అయినా, ఎక్కువ భాగం వినడానికీ, పోల్చుకోవడానికీ, ఆజ్ఞ సిద్ధం చేయడానికీ మెదడులోనే ఖర్చవుతుంది. కిట్ నేరుగా చూపించలేని మెదడు ఈ తేడాలో కనిపించింది. రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా పెనవేసి గట్టిగా లాగుతుండగా మోకాలిని తడితే గీత ఇంకా పెద్దదవుతుంది. ప్రతీకార చర్య మీద కూడా పైనుంచి కొంత పెత్తనం ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు దొరకలేదు.

మరచెయ్యి తనిఖీ అధికారులకు నచ్చుతుంది. గీత ఒక హద్దు దాటితే మూసుకుంటుంది, దిగితే తెరుచుకుంటుంది, అంతకు మించి అందులో శరీరశాస్త్రమేమీ లేదు. మా దాని పళ్లచక్రం మూడో నెలలో అరిగిపోయింది, కొత్తది వేయించలేదు. ఒకరి కండరం గీతతో మరొకరి చేతికి కరెంటు తగిలించి కదిలించే సామగ్రి కూడా అమ్ముతున్నారు కానీ, బడిలో దాని జోలికి నేను వెళ్లను.

రోజువారీ చికాకులు ఎక్కువ. చర్మం మీద దొరికే సంకేతం మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. గోడలో 230 వోల్టుల కరెంటు 50 హెర్ట్జ్‌తో హోరెత్తుతుంటుంది, ఆ 50 కూడా కండర సంకేతపు పరిధిలోనే పడుతుంది కాబట్టి ఫిల్టరు పెడితే అసలు సంకేతమూ కొంత పోతుంది. అందుకే, ముందుగా భద్రత కోసమూ, చార్జరు తీసేసి బ్యాటరీ మీదే ల్యాప్‌టాప్ నడుపుతాను. ఎలక్ట్రోడ్లు సరిగా అంటకపోవడానికి చెమట ఒక కారణమైతే, పొద్దున్నే తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతులకూ పులుముకుని రావడం అంతకన్నా పెద్ద కారణం. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరాకే అంటించాలి. ప్యాకెట్ విప్పాక లోపలి జెల్ కొన్ని వారాల్లో ఎండిపోతుంది కనుక, మందుల దుకాణంలో ఈసీజీకి అమ్మే వాటినే అవసరం మేరకు తెచ్చుకుంటున్నాను.

కొనదలచినవారు రెండు చానళ్లున్న రకాన్నే తీసుకోవాలి; ఒక్క చానల్ దానితో మోకాలి ప్రయోగం చేయలేరు. తీగలు ఎలక్ట్రోడుకు తగిలించే బొత్తాం దగ్గర తెగుతాయి. మావి ఇప్పటికి రెండుసార్లు తెగాయి, రెండుసార్లూ టంకం పెట్టింది తొమ్మిదో తరగతి పిల్లలే.