అమెరికాలో టెన్యూర్ ట్రాకా, ఇక్కడి ఐఐటీయా: కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడికి ఏది మేలు?

కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ ముగింపుకు వచ్చినవారు ఏటా దరఖాస్తుల వేళ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: అమెరికా విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాలా, హైదరాబాద్‌కో తిరుపతికో తిరిగి రావాలా? చాలామంది జీతంతో మొదలుపెడతారు. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1 మూలవేతనం నెలకు 1,01,500 రూపాయల వద్ద ప్రారంభమవుతుంది. అమెరికాలో ఇచ్చేది సాధారణంగా తొమ్మిది నెలల జీతమే అయినా, వేసవికి ప్రాజెక్టు నిధుల నుంచి తెచ్చుకోవలసి వచ్చినా, డాలర్లను రూపాయల్లోకి మార్చి చూస్తే అక్కడి జీతమే చాలా ఎక్కువ. జీతమే ప్రధానమనుకునేవారికి ఈ పోలికతో పనిలేదు. వారికి పరిశ్రమ పరిశోధనశాలలు ఉన్నాయి.

ఉద్యోగ భద్రతలో మాత్రం మొగ్గు ఇటువైపే. అక్కడి టెన్యూర్ ట్రాక్ అంటే శాశ్వత నియామకానికి (టెన్యూర్‌కు) ముందు పరీక్షాకాలం. సాధారణంగా ఆరో ఏట బయటి నిపుణుల లేఖలతో తీర్పు వస్తుంది, అది ప్రతికూలమైతే వెళ్లిపోవాలి. ఇక్కడి రెగ్యులర్ పోస్టులో అలాంటి గండం లేదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: మొదటి ఐదేళ్లలో మీ దగ్గర పనిచేసే విద్యార్థులు ఎవరు, వారిని పోషించేది ఎవరు? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసరై, 1969లో కార్నెగీ మెలన్‌కు మారారు. (మొదట చేరిన చోటే జీవితాంతం ఉండాలని బెంగపడేవారు ఈ మూడేళ్ల సంగతి గుర్తుంచుకోవాలి.) అక్కడ వాక్కును గుర్తించే యంత్రాలపై జరిగిన పనిలో డ్రాగన్ అనే వ్యవస్థ 1975లో జేమ్స్ బేకర్ సిద్ధాంత గ్రంథంగా, హార్పీ 1976లో బ్రూస్ లోవెర్ సిద్ధాంత గ్రంథంగా, స్ఫింక్స్ 1988లో కై-ఫు లీ సిద్ధాంత గ్రంథంగా వెలువడ్డాయి. కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న ఈ ఆచార్యుడి కృషిలో ఎంత భాగం విద్యార్థుల చేతుల మీదుగా నడిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికాలో ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులు వస్తారు, కానీ వారి ఫీజు, భృతి సమకూర్చే భారం చాలావరకు ఆచార్యుడిదే. చేరినప్పుడు విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రారంభ నిధి అయిపోయాక, పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) తలుపు తట్టాలి. యువ అధ్యాపకులకు ఇచ్చే కెరీర్ గ్రాంటు కంప్యూటర్ సైన్స్‌లో ఐదేళ్లకు కనీసం 4 లక్షల డాలర్లు. విశ్వవిద్యాలయం తన వాటా తీసుకోగా మిగిలినది ఒక విద్యార్థిని ఐదేళ్లు పోషించేసరికే చాలావరకు ఖర్చవుతుంది. ఐఐటీలో పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 37,000 రూపాయలు, మూడో ఏటి నుంచి 42,000 రూపాయలు సంస్థ ద్వారానే అందుతాయి. అంటే అక్కడ విద్యార్థులకోసం డబ్బు వెతకాలి, ఇక్కడ డబ్బుకు తగిన విద్యార్థిని వెతకాలి, ఎందుకంటే మన మెరికల్లాంటి బీటెక్ పట్టభద్రుల్లో ఎక్కువమంది కంపెనీలకో, ఆ అమెరికాకో వెళ్లిపోతారు.

ఈ రెండో వెతుకులాటకు నాకు నచ్చిన పరిష్కారం 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీది. అక్కడి ఐదేళ్ల ద్వంద్వ పట్టా కోర్సులో బీటెక్ విద్యార్థులే పరిశోధనతో ఎంఎస్ కూడా పూర్తిచేస్తారు కాబట్టి, చురుకైన ఇరవై ఏళ్లవారు చేజారకముందే ఆచార్యుడి ప్రయోగశాలలోకి వస్తారు. నేను తిరిగి వచ్చినవాడిని కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు. అయినా నిధులకోసం ప్రతిపాదనలు రాయడంకంటే పాతికేళ్లలోపు పిల్లలకు పరిశోధన నేర్పడం నాకు సుఖమైన శ్రమ. భారీ యంత్ర సంపత్తి కావలసిన రంగం మీదైతే మాత్రం అమెరికావైపే చూడండి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు డీమ్డ్ సంస్థల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ ప్రమాణం ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు బోధించాలి. ఆ పైన మిగిలే సమయంలో పరిశోధన సాగించినవారు ఉన్నారు, వారు అరుదు.

ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా, మూడేళ్ల క్రితం చేరిన అధ్యాపకుడిని విడిగా కలిసి, ఆయన దగ్గర ఇప్పుడు ఎందరు పరిశోధక విద్యార్థులు ఉన్నారో, మొదటివారు దొరకడానికి ఎన్ని నెలలు పట్టిందో అడగండి.