పదకొండు క్రిస్మస్‌లు చూసిన మా ప్లాస్టిక్ చెట్టు

ఆరడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు. 2014 నవంబర్ చివర్లో చెన్నై ప్యారిస్ కార్నర్ బజారు వెనక సందుల్లో గంటసేపు బేరమాడి 2,600 రూపాయలకి కొన్నాం. 2025 జనవరిలో పదకొండోసారి విప్పి పెట్టెలో పెట్టాను. ఇన్నేళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను, చెట్టు మంచిదే. కానీ కొనేరోజు మేం చూసుకున్నవేవీ తర్వాత లెక్కలోకి రాలేదు. ఎంత ఎత్తుంది, ఎంత గుబురుగా ఉంది అని చూశాం. ఎలా విప్పాలి, విప్పాక ఎక్కడ దాచాలి అని ఒక్కరమూ అడగలేదు. చెన్నైలో ఈ చెట్టు డిసెంబర్‌లో పాడవదండీ, మిగతా పదకొండు నెలల్లో పాడవుతుంది.

నేను పుట్టి పెరిగింది చీరాల దగ్గర. అక్కడ మాకు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. నాన్న సైకిల్ వెనక కట్టి తెచ్చేవారు. కిరోసిన్ డబ్బాలో ఇసక పోసి, దాంట్లో గుచ్చి, డబ్బాకి రంగు కాగితం చుట్టేవాళ్లం. మంచు బదులు దూది. పండగ నాటికి సగం ఆకు రాలి, మిగతా సగం ఇటుక రంగులోకి తిరిగేది. కొత్త సంవత్సరం ఆరాధన అయిపోగానే అమ్మ దాన్ని విరిచి నీళ్ల పొయ్యిలో పెట్టేసేది. చెట్టు తీయడం అంటే అంతే, ఐదు నిమిషాల పని. దాచడం అనే మాటే లేదు. పెళ్లయి పెరంబూర్ వచ్చి ఈ చెట్టు కొన్నాకే, పండక్కి ఒక వెనక సగం కూడా ఉంటుందని తెలిసింది.

మాది కొమ్మలు విడివిడిగా వచ్చే రకం. నడుమ మూడు ముక్కల ఇనుప గొట్టం, దానికి వరసలుగా కొక్కేలు. ఒక్కో కొమ్మ మొదట్లో రంగు పూత ఉంటుంది, ఏ రంగు కొమ్మ ఏ వరసకో చూసుకుని తగిలించాలి. ఆ పూత మూడో ఏడుకే ఊడిపోయింది. అందుకే నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను: అడుగు వరసకి ఒకటి, దాని పైదానికి రెండు, అలా. ఇన్నేళ్లయినా ఆ చుక్కలు చెదరలేదు. తగిలించడానికి అరగంట చాలు. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. పెట్టెలో అణిగిపోయిన ప్రతి రెమ్మనీ వేళ్లతో విడదీసి, ఒకటి పైకి, ఒకటి కిందకి, ఒకటి పక్కకి వంచాలి. ఇది బద్ధకించి చేస్తే ఎన్ని బంతులు కట్టినా లోపలి గొట్టం కనిపిస్తుంది. చేతులకి గీతలు పడతాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చోండి. పని అయ్యాక చేతులు కడుక్కోవడం మర్చిపోకండి. ఈ ఆకు పీవీసీ అనే ప్లాస్టిక్. పాత పీవీసీ వస్తువుల్లో సీసం (లెడ్) లవణాలు కలిపేవారు, పిల్లలు అవే చేతులతో కేక్ తింటారు.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. 2017 జనవరిలో దుమ్ము పట్టిందని కొమ్మలన్నీ బాత్రూమ్‌లో వేసి సబ్బు నీళ్లతో కడిగాను. చూడ్డానికి కొత్తదానిలా మెరిసింది. రెండు రోజులు బాల్కనీలో ఆరబెట్టి పెట్టెలో పెట్టాను. ఆ డిసెంబర్‌లో పెట్టె తెరిస్తే అడుగున ఆకుపచ్చ పొట్టు! ఒక రెమ్మని వెలుతురులో పట్టుకుని చూస్తే సంగతి అర్థమైంది. ప్రతి రెమ్మకీ నడుమ రెండు సన్నటి తీగలు మెలితిప్పి ఉంటాయి, ప్లాస్టిక్ ఆకుని పట్టి ఉంచేది ఆ మెలికే. మెలిక సందుల్లోకి దిగిన నీరు బయటికి రాలేదు. తీగ లోపల్నుంచి తుప్పు పట్టి, నారింజ రంగు పొడి రాలుతోంది. పట్టు వదిలేసిన చోటల్లా ఆకు చేతికి ఊడి వస్తోంది. మరుసటి ఫిబ్రవరి దాకా సోఫా కింద ఆ ఆకులు ఊడ్చుకుంటూనే ఉన్నాను. పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి, పొడి గుడ్డతో తుడవండి. నీళ్లు మాత్రం వద్దు.

లైట్ల గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో రైస్ బల్బుల సీరియల్ సెట్ ఉండేది, ఒక బల్బు పోతే ఆ వరసంతా చీకటి. ఇప్పుడు ఎల్ఈడీ, నాలుగేళ్లుగా ఒక్కటే సెట్. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకి 80 కరెంటు బల్బులు పెట్టాడు, కరెంటు దీపాల చెట్టు మొదలైంది అక్కడే. జనవరిలో ఆ చిక్కు ఎవరు విప్పారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. తీసేటప్పుడు అట్టముక్క మీద కండెలా చుడితే చిక్కు పడదు. అట్టకి రెండు వైపులా కత్తెరతో గాట్లు పెట్టి, ప్లగ్ చివర పైకి వచ్చేలా చుట్టాలి, చుట్టేముందు ఒకసారి వెలిగించి చూసుకోవాలి.

నక్షత్రం లేకుండా మన తెలుగు ఇళ్లలో క్రిస్మస్ ఏముంది? చెట్టు లేకపోయినా నడుస్తుంది గానీ మేడ మీద నక్షత్రం వేలాడాల్సిందే. ఈశాన్య రుతుపవనాల ఊళ్లో కాగితం నక్షత్రం రెండు వానలకి గంజి అవుతుంది, కాబట్టి ప్లాస్టిక్‌దే తీసుకోండి. లోపల 60 వాట్ల పాత బల్బు పెట్టి రోజుకి 8 గంటలు వెలిగిస్తే 30 రోజులకి 14.4 యూనిట్లు అవుతుంది, 9 వాట్ల ఎల్ఈడీకి 2.16 యూనిట్లే. పైగా నక్షత్రం వేడికి మాడదు. మా మొదటి నక్షత్రం 2016 డిసెంబర్ 12న వర్దా తుఫానులో పోయింది. హోల్డర్, వైరు మిగిలాయి, నక్షత్రం ఎవరింట్లో దిగిందో ఇప్పటికీ తెలియదు. ఊళ్లో వేల చెట్లు నేలకొరిగాయి ఆ రోజు. మా హాల్లో ఈ ప్లాస్టిక్ చెట్టు ఒక్కటి నిటారుగా నిలబడి ఉంటే, కరెంటు లేని ఇంట్లో కొవ్వొత్తి పట్టుకుని దాన్ని చూసి సిగ్గుపడ్డాం.

చెట్టు పెట్టే రోజు మా ఇంట్లో పదిమంది ఉంటారు. పాప స్నేహితులు, ఆడపడుచు పిల్లలు, ఫోన్లో పాటలు. తీసే రోజు నేనొక్కదాన్నే. అత్తయ్య కుర్చీలో కూర్చుని చూస్తూ, "పెళ్లికి వచ్చినవాళ్లు పందిరి విప్పడానికి వస్తారటమ్మా" అంటారు. ఎప్పుడు తీయాలన్నది కూడా ఏటా గొడవే. జనవరి ఒకటి దాటితే చాలని మావారు. ఎదురింటి తమిళ క్యాథలిక్ ఆవిడ మాత్రం జనవరి 6, జ్ఞానుల పండగ అయ్యేదాకా తన కుడిల్‌లో, అంటే బాలయేసు పశువుల పాక బొమ్మల్లో, గడ్డిపోచ కూడా కదపనివ్వదు. నాకూ ఆ తేదీయే నచ్చింది. కారణం భక్తి కాదు, వాన. జనవరి మొదటి వారానికి ఇక్కడ వానలు తెరిపి ఇస్తాయి, గాలిలో తడి కాస్త తగ్గుతుంది. తడి గాలిలో మూసిన పెట్టెలో తడి కూడా ఉండిపోతుంది.

పెట్టినదానికి తలకిందులుగా తీయాలి. ముందు బంతులు, గంటలు. తర్వాత మెరుపు దండలు. ఆ తర్వాత లైట్లు. కొమ్మలు పై వరస నుంచి. ఒక్కో వరసని విడిగా కట్ట కట్టాలి. రబ్బర్ బ్యాండ్లు వేసవి ఉక్కకి జిగురై కొమ్మకి అతుక్కుపోయాయి, అప్పట్నుంచి పాత చున్నీ చింపిన పీలికలే వాడుతున్నాను. గొట్టం ముక్కలు ఒక ఏడాది అతుక్కుపోయి ఊడిరాలేదు. మావారు ఒక చివర, నేను ఒక చివర లాగి ఇద్దరం పడ్డాం. కొబ్బరి నూనె పోసి రాత్రంతా ఉంచితే వచ్చింది. ఇప్పుడు పెట్టేముందే అతుకుల దగ్గర కొంచెం నూనె రాస్తాను. బంతుల కొక్కేలు తుప్పు పడితే పారేసి దారం కట్టండి.

దాచడంలోనూ దెబ్బలు తిన్నాం. పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేస్తే థర్మాకోల్ బొమ్మలు మెత్తబడి కవర్‌కి అతుక్కుపోయాయి. ఎండిన వేపాకు మేలు. ఒక ఏడాది పెట్టె మూలన బల్లి గుడ్లు కనిపించి పాప వారం రోజులు ఆ గదిలోకి రాలేదు. 2023లో అన్నిటికంటే పెద్దది. అత్తయ్య మోకాళ్ల కోసం కింది వాటాలోకి మారాం. డిసెంబర్ 2, శనివారం అటక మీద నుంచి పెట్టె దించి మంచం కింద పెట్టాం, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెడదామని. ఆదివారం, సోమవారం మిచాంగ్ తుఫాను. హాల్లో చీలమండ దాకా నీళ్లు. అట్టపెట్టె అడుగు ఊడి, కొమ్మలు చాపల్లా తేలాయి. ఎండ వచ్చాక మేడ మీద చీర పరిచి వడియాల్లా ఆరబెట్టాం. అడుగు వరసలో నాలుగు కొమ్మలు పోయాయి, ఆ వైపు ఇప్పుడు గోడకి తిప్పుతున్నాం.

కుండీలో నిజం చెట్టు పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరకేరియా అసలు ఊరు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మధ్యలోని నార్ఫోక్ దీవి. బెంగళూరులో మా చెల్లెలి వాకిట్లో చక్కగా పెరుగుతోంది. మా ఎదురింట్లో పెట్టింది మాత్రం లోపల రెండు వారాలు ఉంచేసరికి అంచులు ఎండింది, ఏప్రిల్ దాటలేదు. పాత ప్లాస్టిక్ చెట్టుని వదిలించుకోవాలంటే భోగి మంటలో వేస్తే సరి అని పక్కింటి కుర్రాడి సలహా. ఆ పని చేయకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. భోగి పొగ చాలదన్నట్టు మనది కూడా ఎందుకు?

ఇప్పుడు కొత్తది కొనాల్సి వస్తే ఐదడుగులదే కొంటాను. కొమ్మలు గొట్టానికే మడత కీళ్లతో ఉండే రకం, గొడుగులా ముడిచేయవచ్చు. ధర ఎక్కువ, గుబురు తక్కువ, అయినా సరే. స్టాండ్ ఇనుపది ఉండాలి, మా ప్లాస్టిక్ స్టాండ్ కాలు ఐదో ఏడు విరిగితే ఇసక బకెట్‌లో నిలబెట్టి ఎర్రచీర చుడుతున్నాం. నాన్న డబ్బాయే మళ్లీ వచ్చిందనుకోండి.

పాత అట్టపెట్టె మూత ఒక్కటే మిచాంగ్ రోజు తడవలేదు. ఏటా దాని మీద బాల్‌పెన్‌తో ఏం పోయిందో రాసుకునేదాన్ని. దాన్ని కత్తిరించి కొత్త ప్లాస్టిక్ డబ్బా మూత లోపల అంటించాను. చివరి వరస ఇది: "7-1-2025. వేపాకు మార్చాను. లైట్లు బాగున్నాయి. రెండు చుక్కల కొమ్మ ఒకటి తక్కువ, పాప గదిలో ఉంది, అడిగి తీసుకోవాలి."