ఏళ్లనాటి వెటకారానికి 49 నిమిషాల జవాబు

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లు ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవలసిన డాక్యుమెంటరీ ‘ద ప్రాబ్లం విత్ అపు’. 2017 నవంబరులో ట్రూటీవీలో వచ్చింది. దర్శకుడు మైకేల్ మెలమెడాఫ్. దాన్ని నడిపించేది మాత్రం హాస్యనటుడు హరి కొండబోలు. న్యూయార్క్‌ క్వీన్స్‌లో పుట్టి పెరిగిన తెలుగింటి అబ్బాయి.

‘ద సింప్సన్స్’ అనే అమెరికన్ టీవీ కార్టూన్‌లో దుకాణం నడిపే భారతీయుడు అపు 1990లో తెరమీదికి వచ్చాడు. కథ ప్రకారం అతను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, కష్టజీవి. జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆ యాస, ‘థాంక్యూ, కమ్ ఎగైన్’ అనే మాట. ఆ గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. మా నాన్నను వెక్కిరించే తెల్లవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరిస్తున్నట్టుంది అని హరి 2012లో ఒక టీవీ కార్యక్రమంలో అన్నాడు. ఈ చిత్రానికి బీజం అక్కడే పడింది.

ఆ రోజుల్లో నేను న్యూజెర్సీలో మా బావగారి దుకాణంలో కౌంటరు చూసుకునేదాన్ని. పాలడబ్బా, లాటరీ టికెట్టు కొనుక్కుని వెళ్తూ కొందరు అదే యాసలో ఆ మాట నా ముఖంమీదే అనేవారు. అందరూ చెడ్డవాళ్లు కాదు. సరదాగా పలకరిస్తున్నామనే అనుకునేవాళ్లూ ఉన్నారు. చిల్లర లెక్కపెట్టి ఇస్తూ నేనూ నవ్వేదాన్ని. పక్కన హోంవర్కు చేసుకుంటున్న మా అక్క కొడుకు మాత్రం తల ఎత్తేవాడు కాదు. బడిలో వాడిని ‘అపు’ అనే పిలిచేవారు.

ఆ పిల్లవాడి బాధ ఈ చిత్రంలో ఉంది. కాల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ, హసన్ మిన్హాజ్, ఉత్కర్ష్ అంబుడ్కర్ వంటి నటులు ఒక్కొక్కరే తమ అనుభవాలు చెబుతారు. నన్ను కదిలించిన ఘట్టం నల్లజాతి నటి హూపీ గోల్డ్‌బర్గ్‌ది. నల్లజాతివాళ్లను వికృతంగా చూపించే పాతకాలపు బొమ్మలు, వస్తువులు ఆమె సేకరించి పెట్టుకున్నారు. అపు కూడా ఆ కోవలోకే వస్తాడా అన్న ప్రశ్న వాటి మధ్య కూర్చుని వింటుంటే, కార్టూనే కదా అని కొట్టిపారేయడానికి నోరు రాదు. సింప్సన్స్‌కు రాసిన డానా గూల్డ్, కొన్ని యాసలు తెల్ల అమెరికన్ల చెవికి సహజంగానే నవ్వు తెప్పిస్తాయని మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. అంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషి చిత్రంలో ఇంకొకరు లేరు.

లోటు లేకపోలేదు. మాట్లాడటానికి అజారియా ఒప్పుకోకపోవడంతో చివరి భాగమంతా అతని వెంటపడటంతోనే సరిపోయింది. ఆ నిమిషాలు హరి తల్లిదండ్రులకు, నిజంగా కౌంటరు వెనక రోజుకు పన్నెండు గంటలు నిలబడినవాళ్లకు ఇచ్చి ఉంటే చిత్రం ఇంకా బరువుగా ఉండేది.

దీనికి సింప్సన్స్ బృందం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన సమాధానం చూసి నాకు ఒళ్లు మండింది. ఒకప్పుడు మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేయగలం అన్న అర్థం వచ్చే మాటను కార్టూన్‌లోని సింప్సన్ల అమ్మాయి లీసాతో చెప్పించారు. ఎప్పుడూ న్యాయం పక్షాన నిలబడే పాత్ర ఆమె! 2020లో అజారియా ఆ గొంతు వదులుకున్నాడు, మరుసటి ఏడాది క్షమాపణ కూడా చెప్పాడు. మనిషి మారాడని నేను నమ్ముతున్నాను.

పిల్లలతో చూసేటప్పుడు అక్కడక్కడ మోటు మాటలు వస్తాయి, గమనించుకోండి. పదేళ్లు దాటినవాళ్లకు ఫరవాలేదు. చూశాక బడిలో ఎవరేమంటున్నారో వాళ్లనే అడగండి, మీరు ముందే ఊహించి చెప్పకండి.

అపు నోరు మూయించడం నేను కోరుకున్నది కాదు. దక్షిణాసియా నటుడి చేత మాట్లాడించి, దక్షిణాసియా రచయితల చేత కథ రాయించమనే నా కోరిక. ఆ పని ఇప్పటికైనా చేయవచ్చు.