అంటార్కిటికా మంచు శాంపిళ్లకు 50 ఎంఎల్ ట్యూబు: ఎంతవరకు నమ్మొచ్చు?

స్క్రూ మూత ఉన్న మామూలు 50 ఎంఎల్ పాలీప్రొపిలీన్ సెంట్రిఫ్యూజ్ ట్యూబు. సోడియం, సల్ఫేట్, నైట్రేట్ లాంటి అయాన్ల పనికైతే దిగుల్లేకుండా కొనొచ్చు. కాకపోతే ప్యాకెట్ మీద 'స్టెరైల్' అని ఉంది కదా అని తీసి నేరుగా మంచులో గుచ్చితే డేటా చెడినట్టే. సూక్ష్మజీవులు లేవనే దాని అర్థం, సోడియం, క్లోరైడ్ లేవని ఎవరూ హామీ ఇవ్వలేదు. పైగా ధ్రువప్రాంత మంచులో ఇవి ఉండేది లీటరుకు మైక్రోగ్రాముల లెక్కలో. అందుకే 18.2 మెగాఓమ్ నీటితో (అయాన్లు దాదాపు లేని అతిశుద్ధ నీరు) మూడుసార్లు కడిగి, అదే నీటితో నింపి రాత్రంతా ఉంచి, పారబోసి, క్లీన్ బెంచ్‌లో, అంటే వడగట్టిన గాలి వీచే బల్ల మీద, ఆరబెట్టాలి. మూతలకీ ఇదే మర్యాద. ప్రతి లాట్ (తయారీ బ్యాచ్) నుంచి నాలుగైదు ట్యూబులు బ్లాంకులుగా, అంటే మంచు నింపకుండా ట్యూబు నుంచే ఎంత కల్తీ వస్తుందో చూడటానికి, పక్కన పెట్టండి.

దీని అసలు బలం సైజు. వ్యాసం దాదాపు 3 సెం.మీ., మంచులో తవ్విన గుంత గోడలోకి అడ్డంగా గుచ్చితే 3 సెం.మీ. పొర వస్తుంది. మంచు సాంద్రత సీసీకి 0.35 గ్రాములుంటే, నిండా తీసిన ట్యూబు కరిగాక 17 ఎంఎల్ నీళ్లు. అయాన్ క్రొమటోగ్రఫీకీ (అయాన్లను విడదీసి కొలిచే పద్ధతి), నీటి ఐసోటోపుల కొలతకీ చాలు. ఏడాదికి మీటరు మంచు పేరుకునే తీరంలో ముప్పైకి పైగా శాంపిళ్లు దొరుకుతాయి కాబట్టి చలికాలపు సముద్రపు ఉప్పు శిఖరం, వేసవి సల్ఫేట్, ఎంఎస్ఏ (మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం) శిఖరాలు విడివిడిగా తేలతాయి. అదే ఖండం లోపల డోమ్ సి లాంటి పీఠభూమి మీద ఏడాదికి పడేది సుమారు 8 సెం.మీ. మూడు ట్యూబులతో ఏడాది అయిపోతుంది, ఋతువులన్నీ కలగాపులగం. వేసవి నైట్రేట్‌కి అక్కడ ఇంకా దండగ. అది పై కొద్ది మిల్లీమీటర్లలోనే పోగై, అతినీల కిరణాలకు విడిపోతూ ఉంటుంది. ఆ పొరను కడిగిన స్పాచులాతో గీకి తీయాలి, ట్యూబు కింది మంచుని కలిపి పలచన చేసేస్తుంది.

బలహీనత చలి. చలి మైనస్ 20 డిగ్రీలు దాటితే పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది. గాలికి గట్టిపడిన పొర తగిలిందని సుత్తితో కొడితే అంచు చిట్లుతుంది, మూత బలంగా బిగిస్తే స్క్రూ గాళ్ల దగ్గర పగులుతుంది. అలాంటి చోట పాలిథీన్ శాంపిల్ సంచి మేలు, ఆ చలికీ మెత్తగానే ఉంటుంది. అయితే మంచు పెంకు మొనలకు సన్నని చిల్లులు పడతాయి, రెండు సంచులు వేయాలి.

గుంతలో కింది నుంచి పైకి తీయండి, లేకపోతే పైనుంచి రాలిన పొడి కింది పొరలో కలుస్తుంది. పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ముఖం గాలికి ఎదురుగా పెట్టండి, ఊపిరిలోని అమోనియా కూడా అమ్మోనియం లెక్కని పెంచేస్తుంది. ట్యూబు నిండా నింపి, మైనస్ 20 డిగ్రీలు లేదా అంతకన్నా చలిలో దాచి, విశ్లేషణ రోజునే కరిగించాలి. కరిగించి వదిలేస్తే ఎంఎస్ఏని, ఫార్మేట్‌ని (ఫార్మిక్ ఆమ్లపు అయాన్) బ్యాక్టీరియా తినేస్తుంది.

వసంతంలో సూర్యుడు తిరిగొచ్చాక మంచులోకి దిగే పాదరసం కొలవాలంటే మాత్రం దీని జోలికి పోవద్దు. పాదరసం ఆవిరి ఈ ప్లాస్టిక్ గోడలోంచి అటూ ఇటూ దాటుతుంది. యాసిడ్‌తో కడిగిన గాజు లేదా టెఫ్లాన్ సీసా కొనండి.