పిల్లలకు ఇంగ్లిష్ బైబిల్ కొంటున్నారా? ముందు లోపలి పేజీలు చూడండి

సహోదరీ సహోదరులకు వందనాలు. నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను.

మా పాప ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తెలుగు బైబిల్ చదవలేకపోతోందని ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ బైబిల్ తెప్పించాను. "సులభమైన ఇంగ్లిష్‌లో మాటకు మాట అనువాదం" అని అమ్మినవాళ్లు రాశారు. 1,400 రూపాయలు. వచ్చింది "ద మెసేజ్". యూజీన్ పీటర్సన్ అనే అమెరికా పాస్టరు, హెబ్రీ, గ్రీకు మూలభాషలు చూస్తూనే, భావాన్ని నేటి వాడుక మాటల్లో తిరగరాసిన పుస్తకం అది. 2002లో పూర్తి బైబిల్‌గా వచ్చింది. మాటకు మాట మాత్రం కానే కాదు.

సంగతి సండే స్కూల్ క్విజ్‌లో బయటపడింది. మొదటి కీర్తన మొదటి వచనంలో ధన్యుడు చేయని మూడు పనులేవి అని అడిగారు. తెలుగులో చదివిన పిల్లలు టకటకా చెప్పేశారు: నడువక, నిలువక, కూర్చుండక. మా పాప పుస్తకంలో ఆ మూడూ లేవు. పాపపు సారాకొట్టులో తిరగడం, ముందుకు పోని వీధిలో నక్కుతూ పోవడం, ఎగతాళి కాలేజీకి వెళ్లడం ఉన్నాయి. చదవడానికి హుషారుగా ఉంది, నిజమే. కానీ నడిచేవాడు నిలబడతాడు, నిలబడ్డవాడు కూర్చుండిపోతాడు. పాపం మనిషిని పట్టేసే ఆ క్రమమే పోయింది. మన పాత తెలుగు బైబిల్‌లో అది ఎంత చక్కగా నిలిచిందో నాకు ఆ రోజే తెలిసింది. పాప ఏడ్చింది.

పుస్తకాన్ని తప్పుపట్టను. బైబిల్‌లో పౌలు రాసిన ఉత్తరం గలతీ పత్రికను మా పాప మొదటిసారి ఒకే విడతలో చదివింది దాంట్లోనే. పీటర్సన్ మొదలుపెట్టిందీ ఆ పత్రికతోనే, తన సంఘస్థుల కోసం. ఆరాధనలో వాక్యపఠనానికి దాన్ని వాడితే తనకే ఇబ్బందిగా ఉంటుందని ఆయన చెప్పాడు కూడా. కంఠత వాక్యానికి, క్విజ్‌కి, ఒక మాట పట్టుకుని వాదించడానికి అది పనికిరాదు. తొలి ముద్రణల్లోనైతే వచన సంఖ్యలే లేవు.

పేర్ల దగ్గర ఇంకో మోసం ఉంది, జాగ్రత్త. 1971 నాటి "లివింగ్ బైబిల్" పారాఫ్రేజ్, అంటే భావాన్ని సొంత మాటల్లో తిరగరాసింది. కెన్నెత్ టేలర్ దాన్ని హెబ్రీ, గ్రీకుల నుంచి కాదు, 1901 నాటి ఇంగ్లిష్ బైబిల్ నుంచి రాశాడు. 1996లో వచ్చిన "న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్" దాన్ని సవరించబోయి, దాదాపు 90 మంది పండితులు మూలభాషల నుంచి చేసిన అనువాదం. ఒకటి చూపించి ఇంకొకటి అంటగడతారు.

కాబట్టి డబ్బు కట్టకముందే లోపలి పేజీల ఫొటో అడగండి. ముందుమాటలో ఎవరు, దేని నుంచి చేశారో చదవండి. కీర్తన 1:1లో నడక, నిలబడటం, కూర్చోవడం మూడూ ఉన్నాయో చూడండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు: "ద మెసేజ్" తర్వాతి ముద్రణల్లో ఆ మూడూ ఉన్నాయి. నేను సీలు విప్పేశాను కాబట్టి వాపసు కుదరదన్నారు. మీరు విప్పేముందు అట్ట మీద పేరు సరిచూసుకోండి.