ఇంజిన్‌ఎక్స్‌తో ఇన్నేళ్లు: వేగం ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు

మేం నడిపే తెలుగు సాహిత్య మాసపత్రిక వెబ్‌సైటును అపాచీ అనే వెబ్ సర్వర్ (పాఠకుల బ్రౌజర్లకు పేజీలను అందించే సాఫ్ట్‌వేర్) నుంచి ఇంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్‌కు మార్చి ఏళ్లు గడిచాయి. రెండింటిలో ఏది వేగం అని ఇప్పటికీ మిత్రులు అడుగుతుంటారు. సర్వర్ మార్చినందుకు దక్కిన లాభం కొంతే. మార్చాక, వచ్చిన ప్రతి పాఠకుడి కోసం, పేజీలను అప్పటికప్పుడు తయారుచేసే పీహెచ్‌పీని నిద్రలేపకుండా ఆపగలిగినప్పుడు దక్కిందే అసలు లాభం. ఆ పనిని సులువుగా చేయనిస్తుంది కాబట్టే ఇంజిన్‌ఎక్స్‌ను ఇంకా వాడుతున్నాను. అది పెట్టే చిరాకులు కూడా తక్కువేమీ కావు, వాటి సంగతీ చెబుతాను.

మాది పీహెచ్‌పీతో నడిచే వర్డ్‌ప్రెస్ సైటు, 2 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్. మామూలు రోజుల్లో పెద్ద పని ఉండదు. ఉగాది ప్రత్యేక సంచిక పెట్టిన ఉదయం, కథల పోటీ ఫలితాలు ప్రకటించిన గంట మాత్రం అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. సర్వర్‌ను ఎంచుకోవాల్సింది ఆ గంటను చూసే తప్ప మిగతా నెలను చూసి కాదు.

ముందు అపాచీకి న్యాయం చేయాలి. 1995 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది. దానికి నెమ్మది అన్న పేరు తెచ్చింది ప్రీఫోర్క్ అనే పాత పద్ధతి. అందులో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం ప్రతి) కావాలి. పీహెచ్‌పీని మాడ్యూల్‌గా తగిలిస్తే, చిన్న బొమ్మ పంపాల్సిన ప్రాసెస్ కూడా పీహెచ్‌పీ మొత్తాన్నీ మోసుకు తిరుగుతుంది. మంచినీళ్లు పోయడానికి విస్తరికో వంటవాణ్ణి నిలబెట్టినట్టు. ఒక్కో ప్రాసెస్ 50 ఎంబీ తింటుందనుకోండి. ప్రాసెస్‌ల డిఫాల్ట్ గరిష్ఠ పరిమితి 256. రద్దీలో అవన్నీ లేస్తే 12 జీబీ దాటుతుంది, మన దగ్గరున్నది రెండు. ర్యామ్ నిండి స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) జారిన సర్వర్ చచ్చిపోదు, బతికున్నట్టూ ఉండదు.

2012లో వచ్చిన అపాచీ 2.4 వెర్షన్‌తో ఈవెంట్ పద్ధతి స్థిరపడింది. ఊరికే తెరిచి ఉన్న కనెక్షన్ కోసం ఒక థ్రెడ్‌ను (ప్రాసెస్ లోపలి పని పాయ) కట్టిపడేయడం దాంతో పోయింది. ఈవెంట్‌కు మారి, పీహెచ్‌పీ ప్రాసెస్‌లను చూసుకునే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంను విడిగా నడిపి, ఒక్కో డైరెక్టరీకి సెట్టింగులు రాసుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను ఆపేస్తే అపాచీ నడకే మారిపోతుంది. ఆ ఫైళ్లను అనుమతించినంత కాలం, ప్రతి అభ్యర్థనకూ అపాచీ పై డైరెక్టరీ నుంచి అడుగు దాకా ఒక్కో మెట్టు దగ్గరా ఆగి అలాంటి ఫైలుందా అని చూస్తుంది. సర్వర్ మీద పూర్తి అధికారం ఉంటే వాటిని వాడొద్దని అపాచీ డాక్యుమెంటేషనే చెబుతుంది. అపాచీ మీద చేయి తిరిగినవారు ముందు ఈ పనులు చేసి చూడండి. మారాల్సిన అవసరమే రాకపోవచ్చు.

ఇంజిన్‌ఎక్స్‌ను రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2002లో రాయడం మొదలుపెట్టి 2004లో విడుదల చేశారు. ఒకే యంత్రం మీద ఏకకాలంలో 10 వేల కనెక్షన్లను మోయడం ఎలా అన్నది అప్పటి సవాలు. ఇందులో ప్రాసెసర్ కోర్‌కు ఒకటి చొప్పున వర్కర్లు (పనిచేసే ప్రాసెస్‌లు) ఉంటాయి. ఒక్కో వర్కర్ వేల కనెక్షన్లను పట్టుకుని, కదలిక ఉన్నవాటి పని మాత్రమే చూస్తుంది. మిగతావాటికి అయ్యే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. మా పాఠకుల్లో ఎక్కువమంది ఫోన్లలో చదువుతారు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట పేజీని చుక్కచుక్కగా అందుకునేవారు ఎందరో. వాళ్లు అలా వేలాడుతున్నా సర్వర్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. మారిన తర్వాత నాకు మొదట తెలిసొచ్చిన తేడా ఇదే. పేజీ తెరుచుకునే సమయం పెద్దగా తగ్గలేదు గానీ ఉగాది ఉదయం ర్యామ్ గీత కదలకుండా ఉండిపోయింది.

డిఫాల్ట్ సెట్టింగులను నమ్మి కూర్చుంటే మాత్రం సగం లాభం పోతుంది. పంపే ఫైళ్ల సైజు తగ్గించే జీజిప్ కుదింపునే తీసుకోండి. మొదట అది అసలు పనిచేయదు. ఆన్ చేసినా, రకాలు విడిగా రాయకపోతే హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే కుదిస్తుంది. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, ఎస్‌వీజీ, జేసన్ లాంటి మిగతా ఫైలు రకాల పేర్లు మనమే జాబితాలో చేర్చాలి. తెలుగు సైట్లకు ఇది మరీ ముఖ్యం. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు. 'లక్ష్మి' అన్న పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. అయితే ఆ మూడు బైట్లలో మొదటి రెండూ తెలుగు అంతటికీ రెండే జతల్లో తిరుగుతుంటాయి. పదే పదే వచ్చేదాన్ని పిండేయడమే జీజిప్ పని కాబట్టి తెలుగు వ్యాసం దాని చేతిలో బాగా చిక్కిపోతుంది. కుదింపు స్థాయి 1 నుంచి 9 దాకా ఉంటుంది. నేను 5 దగ్గర ఆగాను, అంతకు మించితే ప్రాసెసర్‌కు శ్రమే తప్ప ఫైలు చెప్పుకోదగినంత తగ్గదు. వోఫ్2 ఫాంట్లను జాబితాలో చేర్చకండి, అవి ముందే కుదించి ఉంటాయి.

ఇక అసలు విషయం, ఫాస్ట్‌సీజీఐ క్యాష్. పీహెచ్‌పీ ఒకసారి తయారుచేసిన పేజీని ఇంజిన్‌ఎక్స్ డిస్కులో దాచి, తర్వాత వచ్చినవారికి నేరుగా ఇచ్చేస్తుంది. డేటాబేస్ జోలికి ఎవరూ వెళ్లరు. లాగిన్ అయినవారి కుకీ (బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) ఉంటే క్యాష్‌ను తప్పించాలని ఒక షరతు రాసుకుంటే చాలు. రద్దీ వేళ ఇంకో రెండు సెట్టింగులు ప్రాణం కాపాడతాయి. క్యాష్ లాక్ పెడితే, ఒకే కొత్త పేజీని వందమంది ఒకేసారి అడిగినా పీహెచ్‌పీ దగ్గరకు ఒక్కరి అభ్యర్థనే వెళుతుంది. తక్కినవారు ఆ పేజీ సిద్ధమయ్యేదాకా కాసేపు ఆగుతారు. రెండోది, గడువు తీరిన పేజీని కొత్తది తయారయ్యేలోపు ఇవ్వనివ్వడం. కొన్ని క్షణాల పాత పేజీ చూసినందుకు ఏ పాఠకుడూ ఫిర్యాదు చేయలేదు.

దీనికొక చిక్కుంది. పీహెచ్‌పీ సమాధానంతో పాటు కుకీ పెట్టమన్న హెడర్ (పేజీకి ముందు వచ్చే సూచన వరుస) వస్తే ఇంజిన్‌ఎక్స్ ఆ పేజీని దాచదు. భద్రత దృష్ట్యా అది సబబే. కానీ ప్రతి పేజీకీ ఊరికే కుకీ అంటించే ప్లగిన్ ఒక్కటి చాలు, క్యాష్ మొత్తం దండగ. అందుకే సమాధానం క్యాష్ నుంచి వచ్చిందా లేదా అన్నది లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టా) రాయించాలి. దాంతోపాటు రెండు సమయాలను కూడా రాయించమంటాను: అభ్యర్థనకు మొత్తం పట్టిన సమయం, అందులో పీహెచ్‌పీ తీసుకున్న సమయం. మొత్తం 6 సెకన్లుండి పీహెచ్‌పీ 0.2 సెకన్లే అయితే తప్పు సర్వర్‌ది కాదు, పాఠకుడి నెట్‌వర్క్ నెమ్మది, లేదా మన పేజీయే బరువు. రెండూ 6 అయితే డేటాబేస్ వైపు చూడాలి. సర్వర్ పక్కనే కూర్చుని ఖాళీ పేజీ మీద చేసే వేగ పోటీల కన్నా ఈ ఒక్క లాగ్ వరుస నాకు ఎక్కువ నేర్పింది.

పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో పిల్ల ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య మామూలుగా 5 అని ఉంటుంది. చేతిలో ఉన్న ర్యామ్‌ను ఒక్కో ప్రాసెస్ తినేదానితో భాగించి పెంచుకోవాలి. 1200 ఎంబీ మిగిలితే, ఒక్కోటి 60 ఎంబీ చొప్పున 20. అంతకు మించి ఆశపడితే మళ్లీ స్వాప్ పాలే.

చిరాకుల్లో మొదటిది, ఏ చిరునామాకు ఏ సెట్టింగులో చెప్పే లొకేషన్ నియమాల వరుస. మామూలు దారుల్లో పొడవైనది గెలుస్తుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలతో రాసే నియమాలు) ఫైలులో ముందు రాసింది గెలుస్తుంది, ఈ రెండూ పోటీపడితే సాధారణంగా రెండోదే పైచేయి. దీన్ని గుర్తుపెట్టుకోవడం కన్నా ఎక్కాలు తేలిక. ఇంకా ఒళ్లు మండేది హెడర్ల వారసత్వం: పైన సర్వర్ స్థాయిలో భద్రతా హెడర్లన్నీ రాసి, కింద ఒక లొకేషన్‌లో ఒక్క కొత్త హెడర్ చేర్చితే, మామూలుగా పైవన్నీ అక్కడ చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. అప్‌లోడ్ పరిమితి 1 ఎంబీ కావడం వల్ల రచయితలు ముఖచిత్రం పంపబోయి 413 లోపం (ఫైలు మరీ పెద్దది) చూస్తారు. మరోపక్క, కాన్ఫిగరేషన్ (సెట్టింగుల ఫైలు) పరీక్షించే ఆదేశం, ఎవరి కనెక్షనూ తెగకుండా రీలోడ్ అయ్యే తీరు ఎంత మెచ్చుకున్నా తక్కువే. పట్టపగలు, పాఠకులు చదువుతుండగానే మార్పులు చేస్తాను.

తెలుగు చిరునామాల గురించి ఒక మాట. బ్రౌజర్ ఒక్కో బైటునూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా పంపుతుంది. పై లెక్కన 'లక్ష్మి' ఒక్కతే 63 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ చిరునామా తునకను 200 దగ్గర కోసేస్తుంది కాబట్టి సుమారు 22 తెలుగు సంకేతాలే మిగులుతాయి, కథ పేరు మధ్యలో తెగుతుంది. లాగ్ చదవడమూ కంటికి శిక్షే. ఇంజిన్‌ఎక్స్ మాత్రం ఆ శాతాలన్నీ విప్పాకే లొకేషన్‌తో సరిపోల్చుతుంది, కాబట్టి కాన్ఫిగరేషన్‌లో '/కథలు/' అని నేరుగా తెలుగులోనే రాసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

ఏ సర్వర్ సాఫ్ట్‌వేరూ దూరాన్ని చెరపలేదు. మా పాఠకుల్లో అమెరికాలో ఉన్నవారు చాలామంది. హైదరాబాద్‌లోని సర్వర్‌కు అక్కడి నుంచి ఒక రాకపోకకు పావు సెకను అనుకుంటే, కనెక్షన్ కుదరడానికి ఒకటి, భద్రత కుదిర్చే టీఎల్ఎస్ 1.3కి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి, వెరసి ముప్పావు సెకను దారిలోనే పోతుంది. అక్కడ పనికొచ్చేది సీడీఎన్, అంటే పేజీల నకళ్లను పాఠకులకు దగ్గర్లో ఉంచే సర్వర్ల వల. ఇంజిన్‌ఎక్స్‌లో 2023లో 1.25తో వచ్చిన, వెబ్ పేజీలను పంపే కొత్త పద్ధతి హెచ్‌టీటీపీ/3 ఒక రాకపోకను మిగులుస్తుంది, అంతే.

2019లో ఎఫ్5 సంస్థ ఇంజిన్‌ఎక్స్‌ను కొన్నది, 2022లో సిసోయెవ్ వెళ్లిపోయారు, 2024లో మరో ముఖ్య డెవలపర్ ఫ్రీఇంజిన్‌ఎక్స్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. రోజువారీ వాడకంలో నాకింకా తేడా కనబడలేదు. దాచిన పేజీల్లో కోరిన ఒక్కదాన్ని తొలగించే సౌకర్యం వాణిజ్య ప్రతికే పరిమితం కావడం మాత్రం గుచ్చుతుంటుంది. ఉచిత ప్రతిలో దానికి బయటి మాడ్యూల్ వెతుక్కోవాలి. నేను గడువును తక్కువ పెట్టి నెట్టుకొస్తున్నాను.

కొత్తగా చిన్న సైటు పెట్టేవారికి నేనిప్పుడు సూచించేది క్యాడీ. గో భాషలో రాసిన ఈ సర్వర్ 2015లో వచ్చింది. డొమైన్ పేరు రాస్తే చాలు, సురక్షిత కనెక్షన్‌కు కావాల్సిన సర్టిఫికెట్‌ను తనే తెచ్చుకుని, 90 రోజుల గడువు ముగియకముందే తనే పొడిగించుకుంటుంది. నాలుగు వరుసల కాన్ఫిగరేషన్‌తో బ్లాగు నడుస్తుంది, హెచ్‌టీటీపీ/3 అడక్కుండానే ఉంటుంది. పేజీలు దాచే క్యాష్ దాని మామూలు ప్రతిలో లేదు కాబట్టి పత్రికను మాత్రం అటు మార్చను. చిన్న సైటు యజమానికి క్యాష్ లేకపోతే వచ్చే నష్టం కన్నా, సర్టిఫికెట్ గడువు దాటి బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తే వచ్చే నష్టమే ఎక్కువ.