స్టేట్ ఆఫ్ ఫియర్: పందొమ్మిదేళ్లలో మూడుసార్లు చదివాక

2006లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకం కొన్నాను. వంద చెప్పాడు, ఎనభైకి ఇచ్చాడు. అట్ట మూల నలిగిపోయి ఉంది. లోపల గ్రాఫుల పక్కన పాత యజమాని ఎవరో పెన్సిల్‌తో ప్రశ్న గుర్తులు పెట్టుకున్నాడు. జురాసిక్ పార్క్ రాసిన మైకేల్ క్రైటన్ నవల కాబట్టి ఇంకేమీ చూడకుండా తీసుకున్నాను. అప్పుడు అమీర్‌పేటలో హాస్టల్. రెండు రాత్రుల్లో ఆరువందల చిల్లర పేజీలు లాగించేశాను.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం. (ముగింపు చెప్పను గానీ, మధ్యలో కొన్ని సంగతులు బయటపడతాయి.) జార్జ్ మోర్టన్ అనే కోటీశ్వరుడు ఒక పర్యావరణ సంస్థకి కోట్లు విరాళమిస్తుంటాడు. అతని లాయర్ పీటర్ ఇవాన్స్ మన హీరో అనుకోవాలి. అసలు హీరో మాత్రం జాన్ కెన్నర్ అనే ప్రొఫెసర్. తుపాకీ పేల్చగలడు, విమానంలో కూర్చుని పరిశోధన పత్రాల పేర్లు, పేజీ నంబర్లతో సహా అప్పజెప్పగలడు. భూమి వేడెక్కుతోందని జనాన్ని భయపెట్టడానికి పర్యావరణ తీవ్రవాదులు తామే విపత్తులు సృష్టించబోతుంటారు, వీళ్లు అడ్డుకోవాలి. అంటార్కిటికాలో మంచు చీలిక, అరిజోనాలో పిడుగులూ వరదా, చివరికి సాలమన్ దీవుల దగ్గర సముద్రం అడుగున కొండచరియ విరగ్గొట్టి కాలిఫోర్నియా మీదికి సునామీ.

పుస్తకం 2004 డిసెంబర్ మొదటి వారంలో వచ్చింది. అదే నెల 26న అసలు సునామీ వచ్చింది. మన తీరంలోనే వంద మందికి పైగా పోయారు. మా అమ్మమ్మగారి ఊరు ఉప్పాడ దగ్గర. ఏడాదిన్నర తర్వాత హాస్టల్ మంచం మీద సునామీని మనిషి తయారుచేసే కథ చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ భాగం వల్లే పుస్తకం అంత గట్టిగా పట్టుకుందనుకుంటాను.

మొదటిసారి నేను పూర్తిగా పడిపోయాను. కారణం ఫుట్‌నోట్లు. నవలలో ఫుట్‌నోట్లేమిటి? పైగా ఉత్తుత్తివి కావు, నిజమైన పత్రికలవి. ఊళ్ల వారీగా ఉష్ణోగ్రత గ్రాఫులు కూడా ఉన్నాయి. న్యూయార్క్ వేడెక్కింది గానీ అదే రాష్ట్రంలోని వెస్ట్‌పాయింట్ పెద్దగా వేడెక్కలేదు. చిలీలోని పుంటా అరేనాస్ అయితే చల్లబడింది. మరి భూమంతా వేడెక్కడమేమిటి అంటాడు కెన్నర్. పరీక్షలో స్లిప్పులు పెట్టినవాడిలా నేను ఆ వాదనలన్నీ బుర్రలో పెట్టుకుని ఆఫీసు క్యాంటీన్‌లో వాదించేవాడిని.

నాకు బాగా నచ్చిన పోలిక ఫుట్‌బాల్ మైదానం. వాతావరణం వంద గజాల మైదానమైతే నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ కలిసి దాదాపు మొత్తం ఆక్రమిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ వాటా చివర ఒక్క అంగుళం. యాభై ఏళ్లలో పెరిగింది పెన్సిల్ మందం కూడా కాదు. దీనికా ఇంత గోల? ఇంటికెళ్లినప్పుడు అమ్మకి ఇదే గొప్పగా చెప్పాను. ఆవిడ పాలు కాచి చల్లారుస్తోంది. "కుండెడు పాలకి చెంచాడు తోడు చాలట్లేదుట్రా? చిన్నదైతే పని చెయ్యదని ఎవరన్నారు?" అంది. ఆవిడకి వాతావరణ శాస్త్రం తెలియదు. కానీ తప్పు సరిగ్గా అక్కడే ఉంది. నైట్రోజన్, ఆక్సిజన్ వేడిని పట్టి ఉంచవు, ఆ చిన్న వాటాయే పట్టి ఉంచుతుంది. అందుకని దాన్ని మైదానంతో కాదు, అది ముందున్న మోతాదుతో పోల్చాలి. పరిశ్రమలు రాకముందు పది లక్షల్లో 280 పాళ్లు. పుస్తకం వచ్చేనాటికి సుమారు 377. 2024లో 424.

అమ్మ మాట ఆరోజు నవ్వి వదిలేశాను. అది పట్టుకున్నది రెండోసారి చదివినప్పుడు, 2015లో. ఆ మే నెల గుర్తుందిగా, రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఒక్క వేసవిని చూపించి వాతావరణం గురించి తీర్పు చెప్పకూడదని కెన్నర్ అంటాడు, అది నిజమే. కానీ అదే నియమం ఒక్క పుంటా అరేనాస్‌కి కూడా వర్తించాలి కదా? అప్పుడు మొదటిసారి నెట్‌లో ఫుట్‌నోట్లు వెతకడం మొదలుపెట్టాను. పాత యజమాని పెట్టిన ప్రశ్న గుర్తులే నాకు దారి చూపించాయి. మహానుభావుడు సరైన చోట్లే పెట్టాడు.

అంటార్కిటికా సంగతి తీసుకోండి. అది చల్లబడుతోందని పుస్తకం చెప్పడానికి ఆధారం పీటర్ డోరన్ బృందం 2002లో నేచర్ పత్రికలో రాసిన పేపర్. పేపర్ నిజం. 1966 నుంచి 2000 వరకు ఆ ఖండం విస్తీర్ణంలో 58 శాతం చల్లబడిందని అందులో ఉంది, మిగతాది వేడెక్కిందని కూడా ఉంది. తన పేపర్‌ని భూతాపానికి వ్యతిరేకంగా వాడుకుంటున్నారని డోరన్ స్వయంగా 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు, ఈ నవల పేరు కూడా ఎత్తాడు. అంటే నేను క్యాంటీన్‌లో గొంతు చించుకుంటున్న ఏడాదే!

ఇంకోటి నాసా వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ సంగతి. భూమి ఎంత వేడెక్కుతుందో 1988లో ఆయన అమెరికా సెనేట్ ముందు చెప్పిన అంచనా 300 శాతం తప్పిందని కెన్నర్ తేల్చేస్తాడు. వెతికితే తేలిందేమిటంటే, హాన్సెన్ ఒకటి కాదు, మూడు అంచనాలు ఇచ్చాడు. వాటిలో మధ్యదే జరగడానికి ఎక్కువ అవకాశముందన్నాడు. పదేళ్ల తర్వాత ఒక విమర్శకుడు ఆ గ్రాఫులో కింది రెండు గీతలూ తీసేసి పై గీత ఒక్కటే అమెరికన్ కాంగ్రెస్‌కి చూపించాడు. నవలలోకి వచ్చింది ఆ కత్తిరించిన కథే. ఇది చదివిన రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. క్రైటన్ మీద కంటే నా మీద ఎక్కువ. ఫుట్‌నోట్ ఉందంటే చాలు, తెరిచి చూడక్కర్లేదనుకున్నాను.

డీడీటీ ముక్క దగ్గర మాత్రం నవ్వొచ్చింది. దాన్ని నిషేధించడం వల్ల హిట్లర్ చంపినవాళ్లకంటే ఎక్కువమంది చచ్చారంటాడు కెన్నర్. మా అమ్మమ్మగారింటి గోడ మీద మలేరియా వాళ్లు డీడీటీ కొట్టి తేదీ రాసి వెళ్లేవారు. చిన్నప్పుడు ఆ వాసనకి ముక్కు మూసుకుని వీధిలో కూర్చునేవాళ్లం. అమెరికా 1972లో నిషేధించింది తమ పొలాల్లో వాడకాన్ని. దోమల కోసం మన దేశం ఆ తర్వాత దశాబ్దాల పాటు వాడుతూనే వచ్చింది. గోడ మీద తేదీ చూసిన పిల్లాడు కూడా ఈ వాదన దగ్గర ఆగాలి, నేను 2006లో ఆగలేదు.

నాతోపాటు చదివినవాళ్ల సంగతి చెప్తాను. హాస్టల్ రూమ్మేట్ కెన్నర్ మాట్లాడే పేజీలన్నీ తిప్పేసి, ఫైట్లు మాత్రం చదివి "సూపర్" అన్నాడు. బహుశా అందరికంటే తెలివైన పాఠకుడు వాడే. హ్యూస్టన్‌లో చమురు రంగంలో పనిచేసే మా బావకి ఇది భగవద్గీత. ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఫోన్‌లో అందులోంచి ఏదో ఒకటి చెప్తాడు. బావ ఒక్కడే కాదు, అమెరికన్ పెట్రోలియం జియాలజిస్టుల సంఘం 2006లో ఈ నవలకి జర్నలిజం అవార్డు ఇచ్చింది. నవలకి జర్నలిజం అవార్డు! అంతకుముందు 2005 సెప్టెంబర్‌లో సెనేట్ కమిటీ క్రైటన్‌ని సాక్షిగా పిలిచి మాట్లాడించింది. కల్పన అని అట్ట మీద రాసుకుని లోపల రాజకీయం చేయడమంటే ఇదే.

అలాగని పుస్తకంలో ఏమీ లేదని అనను. హాఫ్‌మన్ అనే ముసలి ప్రొఫెసర్ ఒకడున్నాడు. బెర్లిన్ గోడ కూలాక జనాన్ని అదుపులో ఉంచడానికి కొత్త భయం కావాల్సి వచ్చిందని, రాజకీయ నాయకులూ లాయర్లూ మీడియా కలిసి ఆ భయాన్ని పండిస్తున్నారని అతని సిద్ధాంతం. పుస్తకం పేరు అందులోంచే వచ్చింది. మన న్యూస్ చానళ్లలో వానపడితే మోగే మ్యూజిక్ విన్న ఎవరికైనా ఆ పేజీలు నచ్చుతాయి. ప్రైవేట్ విమానాల్లో తిరుగుతూ ప్రకృతి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దల మీద వేసిన చురకలు కూడా ఇప్పటికీ తగులుతాయి. కానీ క్రైటన్‌కి ఎదుటిపక్షంలో ఒక్క తెలివైన మనిషి కూడా దొరకలేదా? వాదించడానికి వచ్చినవాళ్లందరూ మూర్ఖులే. టెడ్ బ్రాడ్లీ అనే నటుడినైతే చివరికి నరమాంస భక్షకులకి తినిపించాడు. మూడోసారికి అది జోక్‌లా కాదు, కక్షలా అనిపించింది.

మూడోసారి పోయిన ఏడాది చదివాను, 2025లో. ఎందుకంటే నవలలో వనుటు అనే కల్పిత దీవి ఉంది. సముద్రం తమని ముంచేస్తోందని అమెరికా ప్రభుత్వ సంస్థ మీద వాళ్ల తరఫున దావా వేస్తామంటారు. అదంతా ప్రచారం కోసం ఆడే నాటకమని క్రైటన్ వెక్కిరిస్తాడు. అసలు వనువాటు దేశం ముందుండి నడిపించిన ప్రయత్నంతో 2023లో ఐక్యరాజ్యసమితి ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపింది. 2025 జులై 23న కోర్టు తన అభిప్రాయం చెప్పింది, వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టపరమైన బాధ్యతేనని. ఆ వార్త చదివి లేచి అటక మీద నుంచి పుస్తకం దింపాను.

చివర్లో రచయిత మాటగా ఒక జోస్యం ఉంది. వందేళ్లలో భూమి 0.812436 డిగ్రీలు వేడెక్కుతుందని తన ఊహ అంటాడు. అన్ని దశాంశాలు వెటకారానికే పెట్టాడు. నాసా లెక్కల్లో 2004కీ 2024కీ తేడా సుమారు ముప్పావు డిగ్రీ. 2024కి ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం అప్పుడప్పుడూ వేడెక్కడం) కలిసొచ్చింది కాబట్టి కొంత తీసేసినా, వందేళ్ల కోటాలో సగం పైన ఇరవై ఏళ్లకే అయిపోయింది. క్రైటన్ 2008లోనే పోయాడు. ఉండి ఉంటే ఏమనేవాడో వినాలని ఉంది.

మార్కులు వెయ్యమంటే థ్రిల్లర్‌గా పదికి ఆరు. అంటార్కిటికా చీలిక సీన్ ఒక్కదానికే అందులో రెండు. శాస్త్రానికి రెండు, ఫుట్‌నోట్లు ఎలా చదవాలో దెబ్బకొట్టి నేర్పినందుకు.

ఇప్పుడు కాపీ మా అక్క కొడుకు దగ్గరుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాది. ముందుగా నేనేమీ చెప్పకుండా ఇచ్చాను. పోయిన వారం వాట్సాప్‌లో ఒక గ్రాఫ్ ఫోటో పెట్టి, "మామయ్యా, ఈ పెన్సిల్ గీతలు నీవేనా?" అని అడిగాడు. కొన్ని నావి, ముందువి ఎవరివో తెలియదని చెప్పాను.